నాంపల్లి నేమ్‌సర్వర్

“పన్నెండింటికి మన ఏజెంట్లు పదకొండు మంది మన సైటు తెరుస్తారు,” అన్నాడు చీఫ్ అమరేశ్వరరావు. ఆబిడ్స్‌లో చెప్పుల షాపు పైన ఆయన ఆఫీసు. “సైటు పేరు కొడితే అడ్రసు చెప్పేది నేమ్‌సర్వర్. శత్రువులు నాంపల్లిలో దొంగ నేమ్‌సర్వర్ సెటప్ చేశారు. అది తప్పుడు అడ్రసు చెబుతుంది. మనవాళ్ళు నేరుగా వాళ్ళ చేతికి చిక్కుతారు. ఒక్కడూ మిగలడు.”

“వైరు పీకేస్తే?” అడిగాడు ఏజెంట్ శశికిరణ్.

“విదేశంలో దాని జంట సర్వర్ పని అందుకుంటుంది. లాగిన్ అయి డిసేబుల్ చేస్తేనే రెండూ ఆగుతాయి. పాస్‌వర్డ్ మన హైందవి సంపాదించింది. అక్కడే కలుస్తుంది.”

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఏసీ మెకానిక్ వేషంలో శశికిరణ్ నాంపల్లి స్టేషన్ దగ్గరి లాడ్జికి చేరి, పై గదిలో ఏసీ పని ఉందన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో షాక్ కొట్టే బ్యాటరీ.

“గా రూమ్‌ల ఏసీ యాడిది సార్? కూలరే లేదు,” అన్నాడు వాచ్‌మన్ గట్టయ్య.

“అందుకే పెట్టడానికొచ్చా.”

మెట్ల గోడల నిండా గుట్కా ఉమ్ములు. గదిలో బాత్రూం కంపు. నేమ్‌సర్వర్‌ను నడిపే హోస్టింగ్ సర్వర్ మీద ఎవరో కొరికి వదిలేసిన సమోసా, దాని చుట్టూ చీమలు. దేశద్రోహం చేసేవాడికి కనీసం చీపురు పట్టడం కూడా రాదా అని ఏవగించుకున్నాడు. ఆ రోత మధ్య పట్టుచీరలో ఘుమఘుమలాడుతూ హైందవి.

“ఖైరతాబాద్ బస్సు ఎప్పుడండీ?” అడిగింది.

“నిమజ్జనం అయ్యాక.” కోడ్ సరిపోయింది.

ఆమె ఇచ్చిన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి శశికిరణ్ ‘స్టాప్’ నొక్కాడు. ఆగిపోయినట్టు స్క్రీన్ మీద ఎర్రచుక్క.

“అయిపోయింది, పద పద,” అంది హైందవి.

శశికిరణ్ కదల్లేదు. కళ్ళతో చూడనిదే ఏదీ నమ్మని మొండిఘటం. నిమిషం తిరిగేసరికి చుక్క పచ్చబడింది. నేమ్‌సర్వర్ మళ్ళీ లేచి కూర్చుంది! కింద చూస్తే ‘మానిటర్’ దగ్గర టిక్కు. ఆపిన సర్వీసును కనిపెట్టి లేపే కాపలా అది. ‘ఎనేబుల్’, ‘మానిటర్’ రెండు టిక్కులూ తీస్తేనే డిసేబుల్.

“ఆ టిక్కు ముట్టుకోకు, శశీ.” హైందవి చేతిలో పిస్టల్. “పెట్టింది నేనే.”

“పదకొండు ప్రాణాలు, హైందవీ!”

“వాళ్ళలో మన బంధువులెవరైనా ఉన్నారా? అంత ఇదైపోతావేం!”

కోపం రాలేదు. రోత పుట్టింది. మెట్ల మీది ఉమ్మే నయం, సెంటు పూసుకుని తిరగదు.

స్క్రూడ్రైవర్ పిడి ఆమె మణికట్టుకు తాకించాడు. పిస్టల్ జారిపడింది. కుడిచేత్తో ఆమె చెయ్యి ఒడిసిపట్టి, ఎడమచేత్తో ఒక టిక్కు తీశాడు, రెండో టిక్కు తీశాడు, సేవ్ కొట్టాడు. పన్నెండుకు మూడు సెకన్లు. ఎర్రచుక్క. ఈసారి ఎరుపు ఎరుపుగానే ఉండిపోయింది.

ఫోన్ మోగింది. “పదకొండు మందీ అసలు సైటుకే వచ్చారయ్యా!” అన్నాడు చీఫ్.

అలికిడికి గట్టయ్య పరుగెత్తుకొచ్చాడు. “ఏందీ లొల్లి?”

“సబ్బుందా గట్టయ్యా?”

“ఉంది సార్. మెషీన్ల పనంటే గట్లనే, చేతులు ఖరాబైతయ్.”

“మెషీన్‌ది ఏం లేదు,” అన్నాడు శశికిరణ్. “మేడం చెయ్యి పట్టుకున్నాను.”