మూడో విజిల్ తర్వాత చరణం

తాయారుకి అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆవిడ పాటల్లో ఉన్న దిగులు ఆవిడలో వెతికినా దొరకదు. అరవై తొమ్మిదేళ్ల హన్విక, లోకంలోని ఆత్మీయులందరూ తనని వదిలి వెళ్లిపోయినట్టు పాడుతుంది. పాట అవగానే పెసరట్టులో ఉల్లిపాయ తక్కువైందని కోడలితో పేచీకి దిగుతుంది. అలాంటి మనిషి పాటకి విషాదాంకం అరవై ఎలా దాటుతుందో తాయారుకి పదకొండేళ్లుగా అంతుపట్టలేదు.

అంతుపట్టకపోయినా తిరస్కరించింది. సముద్రానికి అడ్డంగా కట్టిన కాకినాడ పోటుగోడకి ఇవతల, పాట విని శ్రవణముద్ర వేసే అధికారం ఆమె ఒక్కదానిదే. అంకం నలభై దాటిన పాట జనంలోకి పోకూడదు. అత్తగారి 'ముసురు' బృందం ఆల్బమ్‌లు నాలుగు ఆమె చేతిలోనే ఆగిపోయాయి. హన్విక ఒక్కసారైనా అలగలేదు. అలిగి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఆ రోజు పోటునీరు రోడ్డెక్కడంతో ముద్రలు వేసే కేంద్రం మూసేశారు. తాయారు భోజనాల బల్ల మీదే, వినేవాళ్ల నాడిని బట్టి పాటకి అంకం వేసే యంత్రం రసమానిని తెరిచి, నాడి చూసే పట్టీని మణికట్టుకి చుట్టుకుంది. వంటింట్లో 'ముసురు' ఆఖరి ఆల్బమ్ 'తెరిపి'లోని ఆఖరి పాట రికార్డు కాబోతోంది. డ్రమ్స్ వాయించే రిత్విక్ గారు మర్నాడే చంద్రుడి మీదికి మకాం మారుస్తున్నారు. మోకాళ్లకి అక్కడ బరువు తెలియదట. ఇవాళ ముద్ర పడకపోతే మళ్లీ పాడి పంపే వీలుండదు.

"అక్కా, పప్పు కడిగావా?" అన్నారు రిత్విక్ గారు హన్వికతో.

"కడిగి కుక్కర్లో పడేశా. నువ్వు కూర్చో ముందు, మోకాళ్లు చంద్రుడిదాకా దాచుకో."

మావగారు గిటారు అందుకున్నారు. హన్విక పొయ్యి వెలిగించి పల్లవి ఎత్తుకుంది. పల్లవి చివర అందరూ ఒక్కసారిగా ఆగారు. కుక్కర్ కూసింది. ఒకటి. రెండు. మూడో విజిల్ మీద రిత్విక్ గారి దెబ్బ పడింది, చరణం లేచింది. తాయారు పకపకా నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పప్పు ఉడుకుతుంటేనా పాడేది?" అంది పాట అయ్యాక.

"మరెప్పుడే? పెళ్లయిన కొత్తలో వంటయ్యాకే పాటలన్నారు మా అత్తగారు. వంటయితే నిద్రొచ్చేది. అందుకని కుక్కర్ పెట్టి మొదలెట్టేవాళ్లం. మూడో విజిల్ తర్వాత చరణం. మొదట్నుంచీ మాకదే లెక్క. రికార్డింగ్ నువ్వు ఆఫీసుకెళ్లాకే మొదలెడతాం, నీకెలా తెలుస్తుంది?"

రసమాని పాటని అందుకుంది. నియమం ప్రకారం ముందు ఇంటి చప్పుళ్లన్నీ తీసేసే గృహధ్వని శుద్ధి చేసి, ఆ తర్వాతే తాయారు చెవిలో వేసింది. విజిళ్లు ఉండాల్సిన చోట మూడు ఖాళీలు, పిలిస్తే ఎవరూ పలకని ఇల్లులా. సరిగ్గా అక్కడే ఆమె నాడి పడిపోయింది. అంకం పంతొమ్మిది నుంచి ముప్పై మూడుకి, అక్కణ్ణుంచి అరవై ఒకటికి ఎగబాకింది.

ఆగిపోయిన నాలుగు ఆల్బమ్‌లూ తీసి విన్నది. ప్రతి పాటలోనూ అవే గోతులు. తవ్వింది యంత్రం, పడింది తాయారు, నింద పడింది అత్తగారి మీద.

"శుద్ధి రద్దు చెయ్యి," అంది.

"ఈ ఆదేశం ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు," అంది రసమాని. "రద్దు చేస్తే ఈ కేంద్రంలో శుద్ధి చేసిన నలభై వేల పాటలూ తిరిగి కొలవాలి. మీ ముద్రాధికారం మీద విచారణ జరగవచ్చు. కొనసాగించాలా?"

తాయారు వంటింటివైపు చూసింది. రిత్విక్ గారు ఆవిరి పోని కుక్కర్ మూతతో కుస్తీ పడుతున్నారు.

"కొనసాగించు."

పాట విజిళ్లతో సహా మొదలైంది. అంకం ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. దిగులు ఎక్కడికీ పోలేదు; దాని పక్కన పప్పు ఉడుకుతోంది, అంతే. తాయారు ముద్ర నొక్కింది.

"రద్దుకి కారణం గొంతుతో నమోదు చేయండి," అంది రసమాని.

ఇంగువ పోపు వాసనతోపాటు హన్విక గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "యంత్రానికి చెబుతున్నట్టు గొణక్కు. నాకూ వినపడాలి."

తాయారు గొంతు సవరించుకుంది.

"పాటల్లో ఏ తప్పూ లేదత్తయ్యా. పదకొండేళ్లుగా తప్పుగా కొలిచింది నేనే."