గంజి తినేసిన గుత్రా

డాక్టర్ జర్రాహ్ ఇంట్లో మొగుడూ పెళ్లాలకి పడటం లేదట. మూడు రోజులుగా ఆయన తలమీద గుత్రా వాడిన కొత్తిమీర కట్టలా వేలాడుతోందట. ఎదురింటి ఉమ్ బద్దాహ్ కళ్లారా చూసిందట. తలగుడ్డకి గంజి పెట్టించే దిక్కు కూడా లేకపోయిందే అని తెగ బాధపడిందట.

ఈ కబురంతా టీతో పాటు అందించి హెస్సా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె భర్త ఖలాఫ్ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

అతను సీక్రెట్ ఏజెంట్. రెండు నెలలుగా ఆ జర్రాహ్ వెనకే తిరుగుతున్నాడు. ప్లంబర్ వేషంలో ఇంట్లో దూరాడు. ఫోన్లు విన్నాడు. చెప్పుల మడమలు కూడా విప్పి చూశాడు. దొరికింది సున్నా.

అన్నం మరకల్లోని పిండిని తినే అమైలేజ్ ఎంజైమ్‌ని బట్టలుతికే లిక్విడ్‌లో కలపడం కొత్తేమీ కాదు. కానీ కువైట్ గోడౌన్ల వేడికి అది నెల తిరక్కుండా చచ్చేది. ఏడాదైనా చావని అమైలేజ్‌ని ఇచ్చే బ్యాక్టీరియాని జర్రాహ్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో తయారుచేశాడు. ఇప్పుడు దాన్నే విదేశీ ముఠాకి అమ్ముతున్నాడు. చిటికెడు దేశం దాటితే ఫ్యాక్టరీ మూసుకోవాల్సిందే. ఖలాఫ్ ఉద్యోగమూ అంతే. ఈసారి ఉత్త చేతులతో వస్తే రికార్డు రూములో కూచోబెడతానని కల్నల్ దుఐజ్ తేల్చి చెప్పాడు.

జర్రాహ్ విమానం పదకొండుకి. ఖలాఫ్ దారిలో మందుల షాపు దగ్గర కారాపి అయోడిన్ సీసా కొన్నాడు. గాడ్జెట్ల కోసం పెట్టిన అర్జీకి ఆఫీసు నుంచి ఇంకా జవాబు రాలేదు మరి.

ఎయిర్‌పోర్టులో కల్నల్ పక్కన నల్ల కళ్లద్దాలతో సిరీన్ నిలబడి ఉంది. ముఠాలో ఆయన నాటిన మనిషి. సొంత పిస్తోలు కన్నా ఆమెనే ఎక్కువ నమ్ముతాడాయన.

"నిమ్మకాయలు పండాయా?" అంది సిరీన్.

"రోజూ చూసుకునే మొహాలే కదమ్మా. ఇంకా ఈ కోడ్ ఎందుకు?" అన్నాడు ఖలాఫ్.

"కోడ్ చెప్పవయ్యా," అన్నాడు కల్నల్.

"పండాయి. కోసేవాడే లేడు."

సిరీన్ ఒక సెంటు సీసా చూపించింది. "ఇదే సరుకు. జర్రాహ్ నా చేతికే ఇచ్చాడు. ఆయన్ని విమానం ఎక్కనివ్వండి. అవతల ముఠా పెద్ద దొరుకుతాడు."

"విన్నావా ఖలాఫ్? ఆడమనిషి చేసిన పని నువ్వు రెండు నెలల్లో చెయ్యలేకపోయావు," అన్నాడు కల్నల్.

"సార్, సరుకు సీసాలో లేదు. ఆయన తలమీదుంది. గుత్రాని ఆ బ్యాక్టీరియా నీళ్లలో ముంచి ఆరబెట్టుకున్నాడు. ఆ నీళ్లలోని ఎంజైమ్ గంజి మొత్తం తినేసింది. అందుకే అది వేలాడుతోంది."

"పదిమందిలో పెద్దమనిషి తలగుడ్డ లాగుతానంటావా? నీకు మతి ఉందా?"

"ముందు నాది తీస్తాను సార్."

ఖలాఫ్ తన గుత్రా తీసి కౌంటర్ మీద పరిచాడు. గంజికి అట్టలా ఉంది. తడి చేసి రెండుచోట్ల అయోడిన్ చుక్క వేశాడు. గంజి ఉన్నందుకు రెండూ నల్లగా మారాయి. ఎంజైమ్ గంజిని తినేస్తే ఆ నలుపు పోవాలి. ఒక మచ్చ మీద సిరీన్ సీసాలోది పోశాడు.

గేటు దగ్గర క్యూలో ఉన్న జర్రాహ్‌ని కౌంటర్ దగ్గరికి పిలిచాడు. "డాక్టర్ గారూ, తమ గుత్రా కొస ఒక్కటి ఇటివ్వండి."

"నా లాయర్‌తో మాట్లాడు," అన్నాడు జర్రాహ్.

"కొసే కదా డాక్టర్. పోనీ, ఇచ్చెయ్యండి," అన్నాడు కల్నల్, గొడవ వదిలితే చాలన్నట్టు.

ఖలాఫ్ ఆ కొసని నీళ్లతో తడిపి రెండో మచ్చ మీద పిండాడు. అందరూ వంగి చూశారు. రెండు మచ్చలూ నల్లగానే ఉన్నాయి. నిమిషం గడిచింది. మూడు గడిచాయి. ఫ్లైట్‌కి చివరి పిలుపు వినిపించింది.

"ఇక చాలు. నా పరువు తీశావు," అన్నాడు కల్నల్. "డాక్టర్, మీరు వెళ్లండి."

జర్రాహ్ బోర్డింగ్ పాస్ అందించాడు. గేటు దగ్గర మనిషి దాన్ని చింపబోతుండగా ఖలాఫ్ కల్నల్ మెడ పట్టుకున్నంత పనిచేసి తల కిందికి వంచాడు. సీసాలోది పోసిన మచ్చ నల్లగానే ఉంది. రెండోది ఊదారంగుకి దిగి, ఎరుపై, కళ్లముందే తేలిపోయింది.

సిరీన్ హైహీల్స్ చప్పుడు తలుపువైపు మొదలైంది. "ఆవిణ్ణి ఆపండి," అన్నాడు కల్నల్, తను నమ్మిన మనిషి ముఠాతో కలిసిపోయిందని అప్పటికి అర్థమై.

ఇద్దరినీ గదిలోకి తెచ్చి కూచోబెట్టారు. జర్రాహ్ గుత్రా తనే తీసి బల్లమీద పెట్టాడు. బట్టతల మీద చెమట పట్టింది.

"కన్నబిడ్డలా పెంచుకున్నదాన్ని పరాయివాళ్లకి ఎలా అమ్మబుద్ధేసింది డాక్టర్?" అన్నాడు కల్నల్.

"సర్కారు అనుమతి కోసమని నా సీసాలు రెండేళ్లుగా మీ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఆ ముఠావాళ్లు మొదటిరోజే ఓ చొక్కా ఉతికి చూశారు. మీలో ఒక్కడైనా మూత తీశాడా?"