మూడో పూస

"కదలకు. ఊపిరి బిగబట్టు," అంది వెన్నులు కొలిచే సుగుణమణి. ఎముకల బలం కొలిచే అస్థిపీఠం మీద వెల్లకిలా పడుకున్న నూకాలు కాళ్ళ కింద నురగపెట్టె సర్దింది. కిరణచెయ్యి నడుం మీదుగా పాకిపోయింది. పొద్దుటినుంచి ఇది అరవయ్యో వెన్ను.

సముద్రాన్ని ఆపే అలకట్టకు రాళ్ళు మోసే ప్రతి మనిషికీ ఆరు నెలలకోసారి వెన్ను కొలిచి మోతతరగతి ఇస్తారు. రాళ్ళు మోసే యంత్రాలూ ఉన్నాయి, పాడైతే విడిభాగాలు దొరకవని వాటిని మాత్రం నీడలో దాచారు.

తెర మీద నాలుగు నడుంపూసలు వెలిగాయి. మూడోది మరీ తెల్లగా మెరిసింది. ఎంత తెలుపైతే అంత గట్టి అన్న లెక్కన గణకం సగటు తీసి "ఉక్కు తరగతి, యాభై కిలోలు" అని తేల్చింది.

భద్రతాధికారి త్రినాథరావు చప్పట్లు కొట్టాడు. "పిల్లని కన్న ఏడు నెలలకే ఉక్కు! ఏం తింటున్నావే?"

"గంజండి బాబూ," అంది నూకాలు. "పది రోజుల కిందట బుట్టెత్తుతుంటే నడుంలో టప్పుమందండి. అప్పట్నుంచి పిల్లదాన్నే ఎత్తుకోలేకపోతన్నాను. యాభై ఎక్కడ మోత్తాను?"

"యంత్రం అబద్ధమాడదు. పనిదొంగల నడుములే ఆడతాయి."

సుగుణమణి తెరకేసి చూసింది. మూడో పూస ఎత్తు సగానికి పడిపోయింది. విరిగి నలిగిన ఎముక ఇరుకులో కుక్కుకుపోతే, దాన్ని బలమనుకుని మురిసే గణకం. ఆ గణకాన్ని చూసి మురిసే ఈ మనిషి. బాగా కుదిరారు ఇద్దరూ.

ఇలాంటి పూసను లెక్కలోంచి తీసేయొచ్చు, కారణం చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆమె "మొలతాడు అడ్డం" అని నొక్కి, గుట్టుగా తరగతి తగ్గించేది. పెద్ద జాలిగుండె! ఆ దొంగ మొలతాళ్ళ పుణ్యమా అనే కదా, విరిగినవేవీ నమోదు కాక ఎదురుగోడ మీద "విరుపులు: సున్నా" అని పచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి.

ఈసారి "విరుపు" నొక్కింది.

గోడ మీది సున్నా ఒకటయింది. ఒక్క విరుపు నమోదైనా అందరి వెన్నులూ మళ్ళీ చూసేదాకా మోత ఆపాలన్నది నిబంధన. ఎన్నటికీ అవసరం రాదన్న ధీమాతో రాసుకున్నది. బయట సైరన్ మోగింది. కట్ట పొడుగునా బుట్టలు ఒక్కొక్కటే నేలకు దిగుతున్న చప్పుడు.

"నీకు పిచ్చా?" త్రినాథరావు అరిచాడు. "సాయంత్రం పోటు వస్తుంది! రాళ్ళెవడు మోస్తాడు?"

సుగుణమణి నూకాలును మెల్లగా పక్కకు తిప్పి, లేపి కూర్చోబెట్టింది. పీఠం గుడ్డతో తుడిచింది.

"పడుకోండి సార్," అంది. "మీది ఏ తరగతో చూద్దాం."