తోలుపట్టీ చప్పుడు

ఆ సందు చివర మూతపడ్డ సెలూన్ ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నాలుగు వీధులు చుట్టు తిరిగైనా పోతారు గానీ అటు మాత్రం పోరు. లోపల దీపం లేదు, మనిషి అలికిడి లేదు. అయినా... టప్... టప్... అని తోలు చప్పుడు. సెలూన్ వాడు చచ్చి దెయ్యమయ్యాడనీ, గీయడానికి గడ్డాలు దొరక్క రాత్రంతా కత్తి నూరుకుంటున్నాడనీ చెప్పుకునేవాళ్ళు.

నేను దెయ్యాల్ని నమ్మే రకం కాదు. కానీ ఈ కథ చెప్పిన మనిషి, చెబుతున్నంతసేపూ నా గొంతు మీద మంగలికత్తి ఆనించి ఉన్నాడు. అలాంటప్పుడు ఎవడైనా నమ్ముతాడు.

ఆయన్ని అందరూ నిదానం అంటారు. ఒక చెంప గీసి రెండో చెంపకి వచ్చేలోపు మొదటిది మళ్ళీ మొలుస్తుందని వేళాకోళం. ఇంట్లో నేనే గీసుకుందామని ముచ్చటపడి, "కత్తి నూరడానికి తోలుపట్టీ ఎలాంటిది కొనమంటారు?" అని అడిగాను. బుద్ధి గడ్డి తిని అడిగాను.

"వెడల్పుగా ఉండాలి. కత్తి మొత్తం దాని మీద పడుకోవాలి. అరచేత్తో నిమిరి చూడు. గీత గానీ గుంట గానీ తగిలితే వద్దు." గోడకి వేలాడే పట్టీని బిగించి లాగి చూపించాడు. "వదులుగా పట్టుకున్నావో, ఉన్న పదును కాస్తా పోతుంది. కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివరికొచ్చాక వీపు మీదే తిప్పు. అంచు మీద తిప్పావంటే తోలు తెగుతుంది."

కత్తి వెళ్ళింది, వచ్చింది. ఆకు మీద ఆకు రాసుకున్నట్టు... సర్... సర్...

"విన్నావా? ఇంతే చప్పుడు. ఇంతకు మించి మోగిందంటే అది నూరడం కాదు." నా తల వెనక్కి వంచి, గొంతు తగ్గించాడు. "ఈ ముక్క ఆ సందులో ఒక్కడికి తెలిసున్నా బాగుండేది."

ఆ మూతపడ్డ సెలూన్ ఆయన బావదేనట. చెల్లెలి మొగుడు. ఒకనాడు ఉన్నట్టుండి చెల్లెలు కనిపించకుండా పోయింది. "ఎవడితోనో లేచిపోయింది," అన్నాడు బావ, గిన్నెలో సబ్బు నురగ కలుపుకుంటూ. కొన్నాళ్ళకి సెలూన్ షట్టర్ దిగింది. వాడూ కనిపించలేదు. పరువు పోయి రైలు కింద పడ్డాడన్నారు. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ ఊరి మూతికి పెట్టలేం కదా.

నిదానం మాత్రం చెల్లెల్ని వెతుకుతూనే ఉన్నాడు. తల్లి పోయాక భుజాన మోసి పెంచిన పిల్ల. చెప్పకుండా గడప దాటే మనిషి కాదు. అది ఎక్కడుందో తెలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు ఆయనకి.

వెతికి వెతికి ఒక రాత్రి ఆ సందుకే వచ్చాడు. ఎదురుగా టీకొట్టు కట్టేస్తున్న ముసలాయన ఈయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అటు పోకు నాయనా... వినిపించట్లేదూ?"

టప్... టప్...

"ఎప్పట్నుంచి తాతా ఇది?"

"చచ్చాక మొదలైందనుకునేవు... బతికున్నప్పుడూ ఇంతే. మీ చెల్లెలున్న రోజుల్లో కూడా సెలూన్ కట్టేశాక ఇదే చప్పుడు. పాపం పనిమంతుడు, రేపటికి కత్తి నూరుకుంటున్నాడులే అనుకునేవాళ్ళం."

నిదానం కదల్లేదు. చెవి అటే ఒగ్గి నిలబడ్డాడు.

"తాతా... కత్తి తోలు మీద నడిస్తే ఇలా మోగదు."

"మరి?"

"ఇది... తోలు మనిషి మీద పడుతున్న చప్పుడు."

ముసలాయన చేతిలోంచి గ్లాసు జారి భళ్ళున పగిలింది. అన్నాళ్ళూ తాము పడుకుని, దుప్పటి ముసుగేసుకుని విన్నది ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసింది.

చెల్లెలు లోపలే ఉంది! బతికే ఉంది! వాడు దాన్ని లోపల బంధించి కొడుతున్నాడు! నిదానానికి ఇంకో ఆలోచన లేదు. సెలూన్ వెనక్కి పరిగెత్తాడు. జేబులోంచి కత్తి తీసి తెరిచాడు. పెరటి తలుపు మీద ఒక తన్ను... ఇంకో తన్ను... గడియ ఊడి పడింది.

"వదలరా దాన్ని!"

లోపల కటిక చీకటి. సబ్బు వాసనా, పుండు వాసనా కలిసి ముక్కు బద్దలైంది. అగ్గిపుల్ల గీశాడు.

కుర్చీలో ఉన్నది చెల్లెలు కాదు... బావ.

బోర్లా తిరిగి కుర్చీని కావలించుకుని ఉన్నాడు. కట్లు లేవు. చొక్కా పేలికలై మాంసంలో అంటుకుపోయింది. వీపు మీద చర్మం అన్నదే లేదు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, పళ్ళు కొన్ని నేల మీద ఉన్నాయి.

వాడి తల పైన తోలుపట్టీ... గాలిలో... పట్టుకున్న చెయ్యి లేదు.

లేచింది. దిగింది. టప్!

నెత్తురు చివ్వున వచ్చి నిదానం మొహం మీద పడింది. అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

"బావా..." వాడు గుసగుసలాడాడు. "నన్ను బయటికి లాగు బావా. చీకటి పడితే మొదలు... గడప దాటనివ్వదు. చావనూ ఇవ్వదు."

"నా చెల్లెలెక్కడరా?"

పట్టీ లేచింది. దిగింది. వాడు కుక్కలా ఊళపెట్టి, వేలితో కిందకి చూపించాడు.

గచ్చు అంతా పాతబడి నల్లగా ఉంది. కుర్చీ కింద మాత్రం కొత్త సిమెంటు, ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత మేర. నిదానం అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ సిమెంటుని అరచేత్తో నిమిరాడు. ఏడుపు రాలేదట ఆయనకి.

"నీ చేతిలో కత్తుంది కదా బావా..." వాడు మెడ చాపాడు. "ఒక్క గీత గీసెయ్. నీకు పుణ్యముంటుంది."

నిదానం ఆ మెడ వంక చూశాడు. తేలికైన పని. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు పట్టీ ఆగింది. గాలిలో వణుకుతోంది, బరువు మోయలేక చెయ్యి వణికినట్టు. మెల్లగా ఆయన వైపు వచ్చింది. పిడి ఆయనకేసి తిరిగింది.

అందుకున్నాడు. వెచ్చగా ఉంది, చెమట తడి ఇంకా ఆరలేదు.

"అలిసిపోయావు తల్లీ," అన్నాడు. "అలా కూర్చో. ఇక నేను చూసుకుంటాను."