తొమ్మిదో కప్పు ఖహ్వా

“చిప్పు ఈ పొద్దే చేతులు మారతాది. కొండ మీద. నీ క్లాసోళ్లలోనే ఒకరు కొరియరు.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ రామసుబ్బయ్య గొంతు.

“ఎవరు సార్?”

“అది తెలిస్తే నిన్నెందుకు పంపుతానప్పా!”

ఏజెంట్ భూమేశ్ పళ్లు నూరాడు. నలభై రెండేళ్ల వయసులో అరబిక్ విద్యార్థి వేషం! మూడు నెలలుగా హోంవర్క్ రాయడమే డ్యూటీ. ఇప్పుడు పదిమంది క్లాస్‌మేట్లతో, పాఠాలు చెప్పే ఉస్తాద్ సాలిం వెంట ఒమన్‌లోని జబల్ అఖ్దర్ కొండ ఎక్కుతున్నాడు. అక్టోబరు చల్లగాలి, తోటల నిండా పండిన దానిమ్మలు. అందరూ సెల్ఫీలు దిగుతుంటే అతనికి ఒళ్లు మండుతోంది.

మస్కట్‌లోని మన నిఘా ఆఫీసు నుంచి ఎవరో దొంగిలించిన ఆ చిప్‌లో ఒక ఫొటో ఉంది. మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఓ విదేశీ ముఠా నాయకుడి విల్లాలో వంట చేస్తూ, మనకు సమాచారం అందిస్తున్న కడప మహిళ ఫొటో. ఆమె ఎవరో చీఫ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. చిప్ లాక్ తీయగలిగింది ముఠా మనిషి ఒక్కడే. వాడి చేతికి అందితే ఆమె బతకదు.

“ఆయమ్మను సాయంత్రం అయిదుకు బయటికి తెస్తాం. అంతవరకూ చిప్పు ఆపాల. షైస్తా నీకు బ్యాకప్ ఉండాది కదా!”

షైస్తా పక్కనే నడుస్తోంది. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. డిపార్ట్‌మెంట్‌లో స్టార్ ఏజెంట్. అరబిక్ క్లాసులోనూ ఫస్టే.

“బూట్లల్ల పెట్టిన స్కానర్ ఖరాబైంది. మన క్లాసుల కెమెరావాలా బ్యాగ్ దేవులాడిన, సాక్సులు తప్ప ఏం లేవు,” అని గొణిగాడు భూమేశ్. “మూణ్నెల్ల సంది గిదే లొల్లి!”

“ఓపిక పట్టండి భాయ్,” అంటూ నవ్వింది.

తోట అంచున పాదాల దాకా తెల్ల దిష్‌దాషా అంగీ వేసుకున్న తోట యజమాని అందరినీ పిలిచి చాప మీద కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు పెట్టి, ఇత్తడి కూజాతో చిన్న కప్పుల్లోకి ఖహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోశాడు. భూమేశ్ తాగి కప్పు చాచాడు. మళ్లీ నింపాడు. మళ్లీ తాగాడు. మళ్లీ నింపాడు. అలా తొమ్మిది కప్పులయ్యాయి.

“భూమేశ్! చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలని ఎన్నిసార్లు చెప్పాను?” ఉస్తాద్ విసుక్కున్నాడు. “ఊపేదాకా పోస్తూనే ఉంటారు.”

అందరూ పగలబడి నవ్వారు. సిగ్గుతో తల వంచిన భూమేశ్‌కు షైస్తా చెయ్యి కనిపించింది. కప్పు మీద అరచెయ్యి మూసి, ఊపకుండానే యజమానికి ఇచ్చేసింది. క్లాస్ ఫస్ట్ షైస్తా!

యజమానీ ఆమెకు మళ్లీ పోయలేదు. ఆ కప్పు జేబులో వేసుకుని జీపు వైపు నడిచాడు.

నాకు తొమ్మిది పోసినవాడు ఆమెకు రెండోది ఎందుకు పోయలేదు? ఆమె ఎందుకు ఊపలేదు? ఊపితే లోపలున్న చిప్ గలగలమంటుంది!

భూమేశ్ ఇత్తడి కూజా అందుకుని పరుగెత్తాడు. జీపులో యజమాని ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. చిప్ అందులోకి చేరిపోయింది. లాక్ తొంభై ఏడు శాతం తెరుచుకుంది. తొంభై ఎనిమిది.

“ఆగండి భాయ్!” వెనక నుంచి షైస్తా పిస్టల్.

తొంభై తొమ్మిది.

భూమేశ్ కూజా మొత్తం కీబోర్డు మీద కుమ్మరించాడు. చిటపటమంటూ స్క్రీన్ నల్లబడింది, చిప్ మాడి వాసనొచ్చింది. షైస్తా ట్రిగ్గర్ మీద వేలు పెట్టి చుట్టూ చూసింది. ఉస్తాద్‌దితో కలిపి పది ఫోన్లు ఆమెనే వీడియో తీస్తున్నాయి. దిగడానికి ఉన్నది ఒక్కటే రోడ్డు, దాని కింద చెక్‌పోస్టు. పిస్టల్ దించేసింది.

అయిదుంపావుకు చీఫ్ ఫోన్.

“బయటపడిందప్పా! పేరు శ్రీలక్ష్మి. నీకు దండాలు చెప్పమనింది.”

భూమేశ్ ఆ పేరు ఒకసారి పలికి చూసుకున్నాడు. మూడు నెలల కోపమంతా ఆ పేరు దగ్గర కరిగింది.

“ఇగ ఇంటికి పోవచ్చా సార్?”

“యాడికప్పా? పట్టుబడిన ఆ ఇద్దరికి తప్ప నువ్వు ఏజెంటని ఇంగా ఎవురికీ తెలీదు. కోర్సు పూర్తి చెయ్. ఆదివారం పరీక్ష.”

కరిగిన కోపం మళ్లీ నెత్తికెక్కింది. ఉస్తాద్ జాలిపడి ఫ్లాస్క్‌లోంచి ఖహ్వా పోశాడు. భూమేశ్ చీఫ్‌ను మనసులో తిట్టుకుంటూ తాగి, కప్పు చాచాడు.

ఊపడం మరిచిపోయాడు. ఉస్తాద్ నిట్టూర్చి మళ్లీ నింపాడు.