గుమ్మం దాటని అమ్మ

పొద్దున్నే పాలు పొంగిపోయాయి. కూతురు వచ్చి స్టవ్ ఆపింది. అమ్మ అద్దం ముందు నుంచి లేవలేదు, పౌడరు అద్దుకుంటోంది.

టీవీ సీరియళ్లలో ఆవిడవి ఎప్పుడూ తల్లి వేషాలే. కూతుర్ని సాగనంపి గుమ్మంలో నిలబడి కంటతడి పెట్టుకోవడానికి ఆవిడ పెట్టింది పేరు. ఇవాళ సొంత కూతురు కొత్త ఉద్యోగానికి దూరపు ఊరు వెళ్లిపోతోంది.

"నన్ను పంపించడానికి కూడా మేకప్పేనా అమ్మా?"

"మధ్యాహ్నం షూటింగుందిగా. ఏదో చేతి అలవాటే తల్లీ."

"ఊరూవాడా నీ ఏడుపు చూసి ఏడుస్తారు. నేను వెళ్తుంటే మాత్రం ఒక్క చుక్క రాదేం? గ్లిజరిన్ తెచ్చిపెట్టనా?"

అమ్మ చేతిలో స్పాంజి ఆగిపోయింది. "నేనెప్పుడూ గ్లిజరిన్ వాడలేదే."

"మరి?"

"చిన్నప్పుడు, షూటింగుకి వెళ్తూ నిన్ను హాస్టల్లో దింపిన రోజు... గేటు పట్టుకుని ఏడుస్తూ పిలిచావు. కారు దిగితే ఏడ్చేస్తాను, మేకప్ చెరిగిపోతుందని దిగలేదు. ఏడవమన్నప్పుడల్లా ఆ గేటే తలుచుకుంటాను."

కూతురి ముఖం పాలిపోయింది. "అందరి అమ్మలూ లోపలిదాకా వచ్చారు. నువ్వేమో నా ఏడుపుతో పేరు తెచ్చుకున్నావు!"

"అవును. తలుచుకుని తలుచుకుని అరగదీసేశాను. ఇవాళ నీకోసం వెతుక్కుంటే ఏమీ మిగల్లేదు."

"అయితే ఇంక నేను రాను. పిలవకు."

బయట కారు హారన్ మోగింది. కూతురు పెట్టె ఈడ్చుకుంటూ మెట్లు దిగిపోయింది.

అమ్మ గుమ్మం దాకా వచ్చి అలవాటుగా ఆగింది. సెట్లో అక్కడ నేలమీద టేపు అంటించి ఉంటుంది. తల్లి అది దాటకూడదు. కెమెరా కూతురి వెంట వెళ్లిపోతుంది. ఆ తర్వాత తల్లి ఏమైందో ఎవరికీ అక్కర్లేదు.

ఆవిడ కిందికి చూసింది. నేలమీద టేపు లేదు.

కారు కదలబోతుంటే తలుపు తెరుచుకుంది. ఒక చెంపకే పౌడరుతో, రొప్పుతూ అమ్మ ఎక్కి కూర్చుంది.

"ఎక్కడికి?" కూతురు విసురుగా అడిగింది.

"స్టేషన్ దాకా. నువ్వు సరేనంటే ఆ ఊరిదాకా."

"షూటింగో?"

"ఆ కూతుర్ని ఇవాళ ఇంకెవరైనా పంపిస్తార్లే."

కూతురు కిందికి చూసింది. "చెప్పులేవమ్మా?"

"తొడుక్కుని వచ్చేసరికి వెళ్లిపోతావేమోనని..."

కూతురు కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి చేయి మాత్రం వెనక్కి చాచి అమ్మ చేతిని వెతుక్కుంది. అమ్మ చెంప మీది పౌడరులో తడి చార పడింది. దాన్ని తుడుచుకోవాలని ఆవిడకి తోచనేలేదు.