తిరగేసిన తలుపు

మా అత్తగారి ఊళ్లో ఇళ్లకంటే తలుపులకే వయసెక్కువ. అక్కడి సముద్రం ఊరికే కూర్చునే రకం కాదు. ఏటా కాస్త కాస్తగా గట్టుని కొరుక్కుంటూ వస్తుంది. మామగారు అక్షరాలు దిద్దిన బడి ఇప్పుడు నీళ్లలో ఉంది. నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడు దాని గోడ అంచు బయటపడుతుంది, దానిమీద కొంగలు వాలతాయి. అలలు గుమ్మందాకా వచ్చాయంటే ఇక ఆ ఇల్లు వదిలేసి, ఇంకాస్త మెరకమీద కొత్తది కట్టుకుంటారు. గోడలూ కిటికీలూ సముద్రానికి పోతే పోయాయి, వీధి తలుపు మాత్రం ఊడదీసి వెంట తెచ్చుకుంటారు. నీళ్లమీదికి వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొచ్చినా తలుపుని బట్టే ఇల్లు గుర్తుపడతారట.

ఆ 'ఎప్పుడు తిరిగొచ్చినా'లో చచ్చినవాళ్లు కూడా ఉన్నారని కాపురానికి వచ్చిన కొత్తలో నాకు తెలియదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. తలుపు తట్టిన మనిషిని ఎవరని అడగరు. "తడా, పొడా?" అని అడుగుతారు. జోరువానలో ముద్దయి వచ్చినవాడైనా సరే "పొడి" అనే చెప్పాలి. సముద్రం ఉంచేసుకున్నవాళ్లకి ఆ మాట నోట రాదట, నిలబడి ఊరుకుంటారట. వానాకాలంలో పాలవాడు బొట్లు కారుతూ వచ్చి "పొడి" అంటుంటే, నువ్వు పొడేలే, తడంతా నీ పాలల్లోనే ఉంది అని ఏడిపించేదాన్ని. సముద్రం మొహమే ఎరగని ఊరి పిల్లని, నాకివన్నీ కాకమ్మ కబుర్లే. పైగా నాది పుట్టు అనుమానం. కూరగాయల తక్కెడ దగ్గర్నుంచి కట్టుకున్నవాడి చిరునవ్వు దాకా దేన్నీ ఊరికే నమ్మను. అనుమానం పెనుభూతమే అమ్మాయ్ అని అత్తయ్య దెప్పుతూ ఉండేది.

ఈ ఏడు మా వంతు వచ్చింది. పాత ఇంటి వసారాలోకి నీళ్లొచ్చాయి. మెరకమీద రెండు గదుల ఇల్లు లేచింది. తలుపు బిగించింది సగంమేకు. ఊళ్లో వడ్రంగి అతనొక్కడే, ఏ మేకూ పూర్తిగా దిగ్గొట్టడు కాబట్టి ఆ పేరు. ఇంట్లో చేరిన వారానికే మా ఆయన లాంచీ ఎక్కి రాతిదిబ్బమీది దీపస్తంభానికి వెళ్లారు. అక్కడి మోటారు చెడిపోతే బాగుచెయ్యాల్సింది ఆయనే. మర్నాటి సాయంత్రానికల్లా వచ్చేస్తానన్నారు.

ఆ సాయంత్రమే గాలివాన దిగింది. లాంచీ రాలేదు. తెల్లారీ రాలేదు. రేవులో ఎవరినడిగినా దిబ్బచాటున ఆగి ఉంటార్లే అన్నారు గానీ నా కళ్లలోకి చూసి ఎవరూ అనలేదు.

దీపం పెట్టే వేళకి తలుపు చప్పుడైంది. ఆయన తట్టే తీరే... మెల్లగా, ఆగి, మళ్లీ మెల్లగా. నా ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తాను. అయినా అలవాటుకొద్దీ అడిగాను, తడా పొడా అని. జవాబు లేదు. తలుపు తీశాను. వీధిలో పురుగు లేదు. గాలే అనుకుని గడియ పెట్టి వెనక్కి తిరిగితే, గుమ్మానికి లోపలివైపు నేలమీద నీళ్ల మడుగు. కుళ్లిన నాచు వాసన.

మర్నాడూ అంతే. అదే చప్పుడు, అదే మడుగు.

మొదట అత్తయ్యని అనుమానించాను. కొడుకుమీద బెంగతో ఆవిడే నీళ్లు ఒలకబోస్తోందేమోనని ఆవిడ మంచం పక్కనుండే చెంబు తీసి దాచేశాను. తర్వాత నా కన్ను సగంమేకు మీద పడింది. పిలవకుండానే వచ్చి తలుపు చుట్టూ తిరిగేవాడు. చెక్క ఉబ్బిందా, గడియ సరిగా పడుతోందా అని అడిగేవాడు, లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. ఆ రోజు సాయంత్రం పొయ్యిలో బూడిద తెచ్చి గుమ్మానికి అటూ ఇటూ పల్చగా చల్లాను. మనిషైతే దొరుకుతాడు కదా.

చప్పుడైంది. ఈసారి నేను లేవలేదు. కూర్చునే విన్నాను. అప్పుడు తెలిసింది...

ఆ చప్పుడు బయటినుంచి రావడం లేదు.

దీపం ఎత్తి కిటికీలోంచి చూశాను. బయట బూడిద చల్లింది చల్లినట్టే ఉంది. లోపల, తలుపుకి ఎదురుగా, రెండు తడి పాదాలు. వేళ్లు తలుపువైపు. ఇంట్లో నిలబడి ఎవరో తలుపు తడుతున్నారు. అత్తయ్య వెనక నిలబడి ఆ పాదాలనే చూస్తోంది. ఆవిడకి భయం లేదు, కళ్లలో నీళ్లున్నాయి. అది నన్ను ఇంకా భయపెట్టింది.

తెల్లారగానే సగంమేకుని పట్టుకున్నాను. ఏం చేశావు ఈ తలుపుని అని గట్టిగా నిలదీసేసరికి నీళ్లు నమిలాడు. చివరికి నిజం కక్కాడు. తలుపు బయటివైపు ఉప్పుగాలి తినేసి గుల్లబారిందట. ఆ వైపుని లోపలికి తిప్పి బిగిస్తే ఇంకో తరం నిలుస్తుందని అలాగే చేశాడట. గడియా, గుండ్రటి పిడీ ఇటువి అటు మార్చి, రంగు వేసేశాడట.

"వద్దన్నానమ్మా నేను. మీ ఆయనే, ఎవడు చూడొచ్చాడు తిప్పెయ్ అని నవ్వాడు," అన్నాడు.

అత్తయ్య గుమ్మంలోనే కూలబడింది.

"అయితే వాడికి మన గదే వీధి, అమ్మాయ్," అంది గొణుగుతూ. "మన గదిలో నిలబడి, ఇంట్లోకి రానివ్వమని అడుగుతున్నాడు."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టే. ఇప్పుడే తిప్పి బిగించమని సగంమేకుని నిలబెట్టి, మధ్యాహ్నానికల్లా పని చేయించాను. జీవితంలో మొదటిసారి అన్ని మేకులూ దిగ్గొట్టాడు.

ఆ సాయంత్రం చప్పుడు లేదు. నీళ్లూ లేవు. నాకు హాయిగా అనిపించింది, అలా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. అత్తయ్య మాత్రం కంచంలో అన్నం కెలుకుతూ, తలుపు తిప్పేటప్పుడు వాడు గదిలోనే ఉండుంటే ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టేగా అంది. నేను వినబడనట్టు చారు గిన్నె ఆవిడ ముందుకి జరిపాను.

మర్నాడు పొద్దెక్కాక సన్నటి వానలో రేవునుంచి కేక వినబడింది. లాంచీ వచ్చింది! తలుపు ఊరికే దగ్గరగా వేసి ఇద్దరం పరుగెత్తాం. ఒడ్డంతా మంచు కమ్మేసి ఉంది. ఆయన ఒక్కరే దిగి నడిచి వస్తున్నారు, భుజాన పనిముట్ల సంచి, ఒళ్లంతా నీళ్లు. లాంచీ నడిపే సరంగు మాకు వీపు పెట్టి తాడు కట్టుకుంటున్నాడు. నేను పలకరించినా తిరగలేదు. నాకేం పట్టింది! ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. చలికి ఉండదా మరి.

దారంతా నేనూ అత్తయ్యే మాట్లాడాం. ఎక్కడ ఆగారు, ఏం తిన్నారు, ఎంత ఏడిపించారు మమ్మల్ని... ఆయన అలసిపోయినట్టున్నారు, తల ఊపుతూ నడిచారు.

ఇంటికొచ్చి తలుపు నెట్టాను. రాలేదు.

లోపల గడియ పెట్టి ఉంది.

సగంమేకు మళ్లీ ఏదో సవరించడానికి వచ్చాడేమో అనుకున్నాను. అనుకోవాలనే అనుకున్నాను. పిడి పట్టుకుని తట్టాను.

లోపల అడుగులు వినబడ్డాయి. నింపాదిగా, సొంత ఇంట్లో నడిచినట్టు. తలుపు దగ్గర ఆగాయి.

"తడా, పొడా?"

అది మా ఆయన గొంతు.

"పొడి," అంది అత్తయ్య. ఎన్నేళ్ల అలవాటో, ఆవిడకి తెలియకుండానే వచ్చేసింది.

"పొడి," అన్నాను నేను.

తర్వాత ఇద్దరం ఆయనవైపు చూశాం. సంచిలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. ఆయన తలుపు వంకే చూస్తున్నారు. రేవులో దిగినప్పటినుంచీ ఆయన నోట ఒక్క మాటా వినలేదని అప్పుడు తట్టింది నాకు.

"చెప్పండి," అన్నాను. "ఒక్క మాటేగా... చెప్పండి."

ఆయన నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

లోపల గడియ తీస్తున్న చప్పుడైంది.